మల్లి ఒంటి చలి

పొద్దున వంట ముగించగానే రామసుబ్బమ్మ తన మేడమ్‌తో కలిసి మస్కట్ శివార్లలోని అల్ ఖౌద్ అవతలి తోటకి, గుర్రాల దగ్గరికి పోయేది. కడప నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమె మేడమ్ ఇంట్లోనే పని చేస్తోంది. మేడమ్ పేరు సల్మా. బడిలో టీచరుగా చేసి రిటైరైంది. అరవై దాటాక గుర్రం ఎక్కాలనిపించిందామెకి. అరబ్బీ గుర్రం రెండో రోజే కింద పడేసింది. సాధువైన గుర్రం కోసం ఏడాది వెతికితే, మస్కట్ వదిలిపోతున్న ఒక విదేశీ కుటుంబం దగ్గర రెండు ఐస్‌లాండ్ గుర్రాలు దొరికాయి. పొట్టివి, జూలు కళ్ళ మీద పడేవి. పేర్లు మ్యోల్, స్కుగ్గి. రామసుబ్బమ్మ నోట్లో అవి మల్లి, సుగ్గి అయ్యాయి. ఒక్కతే ఎక్కాలంటే మేడమ్‌కి భయం. అందుకని యాభై దాటిన రామసుబ్బమ్మ కూడా చుడీదార్ వేసుకుని మల్లి మీద కూర్చోవాల్సి వచ్చింది.

ఆ గుర్రాలు తమ చలిని వెంట తెచ్చుకున్నాయి. మే నెల ఎండలోనూ వాటి వీపుల మీద సన్నటి మంచు పేరుకునేది. పక్క తోటల వాళ్ళు లబన్ మజ్జిగ డబ్బాలు తెచ్చి, చల్లబడటానికి వాటి తొట్టి పక్కన పెట్టుకునేవాళ్ళు.

ముట్లు ఆగిపోయాక రామసుబ్బమ్మకి ఒంట్లో మంటలు మొదలయ్యాయి. ఉన్నట్టుండి మెడ నుంచి సెగ పైకెక్కేది. అప్పుడు ఎవరూ చూడకుండా మల్లి పక్కకి చెంప ఆనించి నిలబడేది. సెగ దిగిపోయేది. మల్లి కదిలేది కాదు. ఎప్పుడో ఒకసారి అనుకున్నది రోజూ అలవాటైంది.

జూన్‌లో ఒకరోజు మల్లి వీపు మీద మంచు లేదు. ఒళ్ళంతా చెమట, ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతోంది. గుర్రాలని చూసుకునే నర్సింగ్ మీద మేడమ్ విరుచుకుపడింది.

"కూలర్ ఆపేసి పడుకున్నావు. వీసా క్యాన్సిల్ చేయిస్తా. ఊరికి పో!"

నర్సింగ్‌ది తెలంగాణలో నిర్మల్. బిత్తరపోయి రామసుబ్బమ్మ వైపు తిరిగాడు. "నువ్వన్న జెప్పక్కా. నేను బంద్ జేసిన్నా?"

రామసుబ్బమ్మ బకెట్ తోముతూ తలెత్తలేదు.

సాయంత్రం నర్సింగ్ బ్యాగు సర్దుకుని, గుర్రాలు తోమే బ్రష్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "మల్లి నీకాడనే నిమ్మలంగుంటది అక్కా. జర సూస్కో."

ఆ మాటకి ఆమె నిలవలేకపోయింది. నేరుగా మేడమ్ గది గుమ్మంలోకి పోయి నిలబడింది.

"నర్సింగ్ ఏం చెయ్యలేదు మేడమ్. మల్లి చలంతా నేనే తాగేసినా. దినామూ దాన్ని ఆనుకోని నిలబడినా. వద్దనడం దానికి తెలీదు."

మేడమ్ మోకాళ్ళ మీద అరచేతులు పెట్టుకుని, "నేనూ" అంది. "నువ్వు వంటలో ఉన్నప్పుడు పోయి ఆనుకునేదాన్ని. సుగ్గి అయితే పక్కకి జరిగిపోతుంది. మల్లి జరగదు."

మేడమే పోయి నర్సింగ్‌ని క్షమించమని అడిగింది.

"దాని దేశానికే దాన్ని పంపిద్దాం మేడమ్," అంది రామసుబ్బమ్మ.

"ఒకసారి బయటికొచ్చిన గుర్రాన్ని ఆ దేశం మళ్ళీ రానివ్వదు. అది తెలిసే కొన్నాను," అంది మేడమ్.

చల్లగా ఉండే జబల్ అఖ్దర్ కొండ మీద మేడమ్ తమ్ముడికి దానిమ్మ తోట ఉంది. గుర్రాలు రెండూ ట్రక్కులో అక్కడికి ఎక్కాయి. నర్సింగ్ వాటి వెంట పోయాడు. ఆ నెలాఖరుకి పని మానుకుని కడప పోవాల్సిన రామసుబ్బమ్మ కూడా పోయింది.

"ఒగరికి చెరుపు చేసినా పాపా. అది బాగయినంక వస్తా," అని కూతురికి ఫోన్‌లో చెప్పింది.

కొండ మీద ఆమె మల్లిని తోమింది, మేపింది, చెట్ల నీడన నడిపించింది. ఎక్కలేదు. దానిమ్మలు కోసేశారు, ఆకులు రాలాయి. మల్లి రొప్పడం మానేసింది కానీ మంచు రాలేదు.

డిసెంబర్‌లో ఒక పొద్దున నర్సింగ్ కేకేశాడు. "అక్కా, ఉరికిరా!"

మల్లి వీపు మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. రామసుబ్బమ్మకి అప్పుడే మెడ కింద సెగ రాజుకుంటోంది. మల్లి నడిచి వచ్చి, ఎప్పటిలాగే ఆమెకి ఒళ్ళు ఒడ్డి నిలబడింది. ఆమె వెనక్కి జరిగింది. మల్లి మళ్ళీ దగ్గరికొచ్చింది.

రామసుబ్బమ్మ చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. సెగ దానంతటదే దిగేదాకా అలాగే నిలబడింది.