మొదటి నీళ్ళు

చిన్న ఫాదరు రెండు చేతులూ రాతి తొట్టిలో ముంచి తెల్లగుడ్డను పిండుతుంటే, గంజమ్మ చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడి చూస్తోంది. పిండటం ఆయనకు చేతకాదు. మెలిపెట్టొద్దు, అరచేతుల మధ్య నొక్కండి అని ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే గుర్తులేదు. అయినా బలిపీఠం మీద పరిచే గుడ్డ గానీ, పానపాత్ర తుడిచే గుడ్డ గానీ గురువు చేతి నీళ్ళలో ముందు మునిగితే తప్ప ఆమె ముట్టుకోదు.

ఇప్పుడు ఆ పట్టింపులేవీ లేవని, అన్నీ మీరే ఉతకొచ్చని ఆయన వచ్చిన కొత్తలోనే చెప్పారు. ఆమె బుద్ధిగా తల ఊపింది. మర్నాడు మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన నవ్వేసి చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. అప్పటినుంచీ అదే వరస.

ఆయన వెళ్ళాక ఆ నీళ్ళను గోడ పక్కన మట్టిలో పోసి, ఆమె తన పని మొదలుపెట్టింది. పొట్టి మనిషి. నడుం కాస్త వంగింది. సబ్బుకీ గంజికీ నానినాని వేళ్ళ చివర్లు పగిలి, తెల్లటి గీతలు పడ్డాయి. ఆమె ఇస్త్రీ చేసిన గుడ్డ కాగితంలా నిలబడుతుంది. గుడ్డలకే కాదు, మెడకి కూడా గంజి పెట్టుకుందని గిట్టనివాళ్ళు అంటారు. పేరు అలా వచ్చిందే.

భర్త పోయిన ఏడాది, చంకలో కూతురితో ఈ పనిలో చేరింది. అప్పుడు ఈ గుడికి విచారణ గురువు పెద్ద ఫాదరు. మొదటిరోజే ఆమెను తొట్టి దగ్గర ఆపి, క్రీస్తు శరీరంగా పంచే రొట్టె, ఆ దివ్యసత్ప్రసాదం రేణువులు ఈ గుడ్డల మడతల్లో ఉండొచ్చనీ, మొదటి నీళ్ళు గురువు చేత్తోనే పడాలనీ చెప్పి, తానే వంగి జాడించడం మొదలుపెట్టారు. ఆమె దాన్ని అవమానం అనుకోలేదు. ఆమె భర్త బతికినన్నాళ్ళూ తన చొక్కా తాను పిండుకున్న పాపాన పోలేదు. అలాంటిది, ఇంత చదువుకున్న మనిషి తొట్టి మీద వంగి గుడ్డలు జాడించి, నీళ్ళోడుతుండగా తన చేతికి అందిస్తున్నాడు. ఆ రొట్టెలో ఉన్నది ఎంత పెద్దదై ఉండాలో అని ఆమె నిలువునా వణికింది. ప్రసంగాలేవీ ఆమెకు అంత నేర్పలేదు.

తర్వాత ఒక్కొక్కటే మారాయి. ప్రజలకు వీపు పెట్టి చేసే పూజ ముఖాముఖి అయింది. నాలుక మీద పెట్టే సత్ప్రసాదపు అప్పం అరచేతిలోకి వచ్చింది. పెద్ద ఫాదరు ప్రతి మార్పుకీ పై వాళ్ళతో పేచీ పడ్డారు, ఓడిపోయారు, చెప్పినట్టు చేశారు. పదవి నుంచి విశ్రాంతి తీసుకుని ఫాదర్ల ఇంట్లోనే మేడగదిలోకి మారారు. ఆ తర్వాత చిన్న ఫాదరు సత్ప్రసాదం పంచడానికి విశ్వాసుల్లో కొందరిని నియమించారు. వాళ్ళలో గంజమ్మ కూతురు కూడా ఉంది. ఆస్పత్రిలో నర్సు.

మొదటి ఆదివారం గంజమ్మ కూతురి వరసలోంచి తప్పుకుని, అందరూ చూస్తుండగా ఫాదరు వరసలోకి వెళ్ళి నిలబడింది. ఆ రాత్రి అన్నం దగ్గర కూతురు ఒక్కమాటే అంది.

"పొద్దస్తమానం రోగుల నోట్లో మందులు వేసే చేతులమ్మా ఇవి. నీకు పనికిరాలేదు."

కూతురి చేతుల మీద గంజమ్మకేం తక్కువ చూపు లేదు. ఎవరు పడితే వాళ్ళు అందుకునేదైతే తనను ఆనాడు వణికించినది చిన్నదైపోతుందేమోనని భయం. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, గిన్నెలు తోమడానికి లేచిపోయింది.

ఇవాళ చిన్న ఫాదరు పక్క ఊళ్ళో ఒకరి భూస్థాపనకు వెళ్ళాలి. వెళ్ళేముందు మేడ మీదికి వెళ్ళి, మంచంపట్టిన పెద్ద ఫాదరుకు రోగులకు పూసే నూనె పూసి ప్రార్థన చేసి వచ్చారు. పొద్దున పెద్దాయన దేనికీ నోరు తెరవలేదట. మెలకువ వచ్చి సత్ప్రసాదం అడిగితే ఇవ్వమని, ఈ ఒక్కసారికి మీకు అనుమతి ఇస్తున్నానని, గుళ్ళో సత్ప్రసాదం దాచే మందసం తాళంచెవి ఆమె ముందు పెట్టారు. సాయంత్రం మా అమ్మాయి వస్తుంది, అదే ఇస్తుందిలెండి అంది గంజమ్మ. అయినా చిన్న ఫాదరు తాళంచెవి వెనక్కి తీసుకోలేదు.

మధ్యాహ్నం దాటాక పెద్ద ఫాదరు కళ్ళు తెరిచి సత్ప్రసాదం అడిగారు. కూతురికి ఫోన్ చేస్తే, డ్యూటీ మార్చుకునే మనిషి రాలేదని, ఆలస్యమవుతుందని చెప్పింది. గంజమ్మ కాసేపు మెట్ల మీద కూర్చుంది. పైనుంచి ఆయన ఊపిరి బరువుగా వినిపిస్తోంది. లేచి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. మందసం తెరిచి చిన్న భరిణెలో అప్పం పెట్టుకుని, రెండు చేతుల్తో గుండెకి ఆనించుకుని మెట్లెక్కింది.

ఆయన ముందు భరిణెను, తర్వాత ఆమెను చూశారు.

"చిన్న ఫాదరు లేరు. అమ్మాయి రాలేదు. నేనే తెచ్చాను. వద్దంటే తీసుకెళ్ళిపోతా."

ఆయన చూపు మళ్ళీ భరిణె మీదికి వెళ్ళింది. ఆమె ఇక వెనక్కి తిరుగుదామనుకుంటుండగా ఆయన గొంతు పెగిలింది.

"నేను చెప్పినవి తప్పని ఇప్పుడూ అననమ్మా. కానీ ఆకలిగా ఉంది."

ఆమె మోకరించింది. చెప్పాల్సిన మాట ఆమెకు తెలుసు. జీవితమంతా విన్నదే, ఎన్నడూ పలకనిది. "క్రీస్తు శరీరం" అంది. ఆమెన్ అని ఆయన బోసినోరు తెరిచారు. చిన్న తునక విరిచి నాలుక మీద పెట్టింది. చెయ్యి వణకలేదు. వెన్నులో మాత్రం, ఆనాడు తొట్టి దగ్గర పుట్టిన వణుకు. ఏమీ చిన్నది కాలేదు.

మిగిలింది భరిణెలోనే ఉంచి మూత పెట్టింది. వేళ్ళకు ఏదో అంటుకున్నట్టుంటే, తుడవలేక, అలాగే గాల్లో పట్టుకుని నిలబడింది. ఆయన కళ్ళు మూసుకునే చెప్పారు.

"గ్లాసులో నీళ్ళు పోసి వేళ్ళు కడుక్కో. ఆ నీళ్ళు నువ్వే తాగు. మేము అలాగే చేస్తాం."

ఆమె అలాగే చేసింది.

ఎండ కిటికీలోంచి జారిపోయే వేళకి కూతురు ఆస్పత్రి బట్టలతోనే వచ్చింది. వచ్చీరాగానే ఆయన మణికట్టు పట్టుకుని, గడియారం చూసి, మెల్లగా చెయ్యి కిందపెట్టి దుప్పటి సర్దింది. నిద్రే అనుకుని గంజమ్మ అప్పటిదాకా పక్కన కూర్చునే ఉంది. సత్ప్రసాదం అందిందా అని కూతురు అడిగింది.

"ఇచ్చాను."

"నువ్వా?"

"నేనే. రేపాదివారం నీ వరసలోకి వస్తా. గట్టిగా పలుకు, నాకు వినపడాలి."

కూతురు తల్లి పక్కనే నేల మీద కూలబడి, పగిలిన ఆ వేళ్ళను తన చేతిలోకి తీసుకుంది. చిన్న ఫాదరుకు కబురు చెయ్యడానికి ఇద్దరిలో ఎవరూ వెంటనే లేవలేదు.

కిటికీ గట్టు మీద పింగాణీ కప్పులో, పొద్దున మార్చిన నీళ్ళలో, ఆయన పళ్ళసెట్టు ఉంది.