మెల్లగా ఎత్తుకున్న జోలపాట

గొంతుకి ఆపరేషన్ అయ్యాక పాటల టీచరుకి మాట మిగిలింది గానీ పాట మిగల్లేదు. ఆ మాటైనా గుసగుసే. అయినా క్లాసు మానలేదు. అంతకుముందు తను పాడి దాచుకున్న రికార్డింగులు కంప్యూటర్లో వినిపిస్తూ, చేత్తో తాళం చూపిస్తూ నెట్టుకొస్తోంది.

ఈమధ్య తమ్ముడొచ్చి పాటలు వినిపించే కొత్త సాఫ్ట్‌వేర్ వేసి వెళ్ళాడు. అప్పట్నుంచి పిల్లలు జోలపాటని కూడా మొదటి వాక్యం నుంచే గొంతు చించుకుని అందుకుంటున్నారు.

"మెల్లగా అమ్మా, మెల్లగా!"

"రికార్డులో మీరూ అలాగే పాడారు కదా టీచర్!"

ఆవిడ గతుక్కుమంది. అప్పట్లో ఆ పాట తను వినపడీ వినపడనట్టు ఎత్తుకుంది. మళ్ళీ పెట్టుకుని వింటే, నిజమే, మొదట్నుంచీ ఒకటే జోరు.

ఫోన్ చేస్తే తమ్ముడు నవ్వేశాడు. "ఇదేమన్నా క్యాసెట్టా అక్కా, అరిగిపోడానికి? అన్నీ అంకెలు. ఎన్నిసార్లు విన్నా అవే అంకెలు. నీకలా అనిపిస్తోందంతే."

పోయిన గొంతు ఎలా ఉండేదో తనే మర్చిపోయిందేమో! ఆ బెంగతో ఆవిడకి అన్నం సహించలేదు.

తమ్ముడి ద్వారా సంగతి తెలిసి మరదలు వచ్చింది. ఆమె రేడియోలో సౌండ్ ఇంజనీరు.

"మీకు తేడాగా ఉందంటే ఉన్నట్టే వదినా. చూద్దాం."

సాఫ్ట్‌వేర్ వినిపించేదాన్ని విడిగా రికార్డు చేసి, అసలు ఫైలులోని శబ్దతరంగాన్ని తలకిందులు చేసి దాంతో కలిపింది. "రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఏమీ వినపడకూడదు."

వినపడింది. గోడ అవతల పాడుతున్నట్టు, ఆవిడ గొంతే.

"దొరికింది దొంగ! చిన్న శబ్దాల్ని పెంచి, పెద్దవాటిని అణిచి, అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తోంది. ఫైలు చెక్కుచెదరలేదు వదినా. వినిపించేటప్పుడే మారుస్తోంది."

సాఫ్ట్‌వేర్లో ఆ సెట్టింగ్ ఆపేసి, మళ్ళీ రికార్డు చేసి కలిపింది. ఈసారి తెర మీద శబ్దాన్ని చూపే గీత కదల్లేదు. ఆ నిశ్శబ్దాన్ని ఇద్దరూ చివరిదాకా విన్నారు. తర్వాత పాట పెట్టుకున్నారు. మొదటి వాక్యం వినపడక టీచరు స్పీకరు దగ్గరికి వంగింది.

"పాట దొరికిందని కాదమ్మా," మరదలి చెయ్యి పట్టుకుంది. "నా చెవిని నమ్మావు చూడు..."

ఆ పూట భోంచెయ్యకుండా మరదల్ని కదలనివ్వలేదు. తమ్ముడూ వచ్చి చేరాడు. "తప్పయిందక్కా," అన్నాడు.

"పోరా! నువ్వా సాఫ్ట్‌వేర్ వెయ్యకపోతే మీ ఆవిడ ఎలాంటి మనిషో నాకింత బాగా తెలిసేదా?" అంటూ ముందు మరదలికే వడ్డించింది.