లెఫర్ట్స్ స్టేషన్ దాకా ఉచితం

చావుకబురు దారిలో చెప్పకూడదట. మనిషిని ఇంటికి తీసుకొచ్చి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి అప్పుడు చెప్పాలట. మా ఆయన మేనత్త ఫూల్‌మతి హుకుం అది. మేమంతా గయానా వదిలి న్యూయార్కులో రిచ్‌మండ్ హిల్‌కి వచ్చి ఎన్నేళ్లయినా ఆవిడ మాటకు ఇంట్లో ఎదురు లేదు. అందుకే అత్తగారి అంత్యక్రియల పూట తెల్లబట్టలు కట్టాల్సిన పెద్దకోడల్ని, అనుమానం రాకుండా పువ్వుల గౌను తొడుక్కుని విమానాశ్రయంలో నిలబడ్డాను. నా ఖర్మ.

వచ్చేది అత్తగారి అన్న, బుధ్‌రామ్ మామయ్య. గయానాలోనే ఉండిపోయాడు, బెర్బీస్‌లో వరిపొలం, రెండు పడవలు ఉన్న మనిషి. చెల్లెలు సుమింత్రకి ఒంట్లో బాగాలేదనే ఆయనకు తెలుసు. మధ్యాహ్నం శవపేటిక మూత వేస్తారు. ఆలోపు చెల్లెలి మొహం ఆయనకు చూపించాలి. దహనశాలలో వంతు ముందే ఖాయమైంది, ఎవరికోసమూ ఆగదు.

విమానం ఆలస్యంగా దిగింది. కస్టమ్స్ వాళ్లు చేపల పెట్టె విప్పించి ఇంకాస్త ఆలస్యం చేశారు. ఆయన మాత్రం నవ్వుతూ వచ్చాడు.

"ఏమే తారా, ఇలా చిక్కిపోయావేంటి? మీ అత్తకి వండిపెట్టి అలిసిపోయావా? హస్సర్ చేపలు తెచ్చాలే. నా చేత్తో పట్టినవి. కూర వాసన తగిలితే చాలు, లేచి కూర్చుంటుంది."

"ట్యాక్సీ ఎక్కుదాం పదండి మామయ్యా" అన్నాను, మొహం అటు తిప్పుకుని.

"ట్యాక్సీయా? నీకేమైనా పిచ్చా? లెఫర్ట్స్ దాకా రైలు ఉచితం కదే! అక్కడ దిగితే బస్సు. పోయినసారి వచ్చినప్పుడు మీ అత్తే నేర్పింది నాకు."

మా వాళ్లందరికీ తెలిసిన కిటుకే అది. టెర్మినళ్ల మధ్య తిరిగే రైల్లో జమైకా అనే స్టేషన్లో దిగితే డబ్బు గుంజుతారు, లెఫర్ట్స్‌లో దిగితే అడిగేవాడు లేడు. ఊరినుంచి ఎవరొచ్చినా ముందు ఈ సంగతి చెప్పి, ఎంత మిగిల్చామో చూడు అని మురిసిపోతాం. ఆ తెలివి ఆ రోజు మా కొంప ముంచింది.

"మీరు అలిసిపోయారు. డబ్బులు మా ఆయనే ఇచ్చాడు" అని ట్యాక్సీ తలుపు తీశాను.

"వాడికెక్కడివే అన్ని డబ్బులు? తల్లికి మందులు కొనమను!" అని డిక్కీలో పెట్టిన సంచీ లాగేసుకున్నాడు. డ్రైవరు నన్ను తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కానీ ఆయనకు గుండెజబ్బుంది, దారిలో పడిపోతే నీదే పాపమని ఫూల్‌మతి నా చేత ఒట్టు వేయించుకుంది. ఆయన వెనకే రైలెక్కాను.

లెఫర్ట్స్‌లో మొదటి బస్సు కిక్కిరిసి ఉంది, మా సామాను చూసి ఆపకుండానే పోయింది. రెండోదాని కోసం నిలబడ్డంతసేపూ మామయ్య చెల్లెలి చిన్నప్పటి అల్లరి చెబుతూనే ఉన్నాడు. నేను వంతెన మీది కార్లు చూస్తూ నిలబడ్డాను. చివరికి బస్సెక్కితే రోడ్డు తవ్వేశారు. ఎద్దుబండి ఇంతకన్నా నయం.

ఫోను మోగింది. మా ఆయన గొంతు బొంగురుపోయింది. "ఎక్కడ చచ్చావ్? పండితుడు మంత్రాలు ముగించాడు. ఇంక ఆపలేమంటున్నారు."

"సుమింత్రేనా? ఇటివ్వు, ఒక్కసారి గొంతు వింటా" అని మామయ్య చెయ్యి చాపాడు.

ఫోను చీరకొంగులో దాచుకుందామంటే చీర కూడా లేదు నాకు. "మామయ్యా, అత్త మొన్న పోయింది" అన్నాను. "ఇప్పుడు మూత వేస్తున్నారు."

ఆయన పడిపోలేదు. అరవలేదు. చొక్కా లోపలినుంచి గుడ్డసంచీ లాగి నా ఒళ్లో పెట్టాడు. నిండా నోట్లు. "పెద్ద పడవ అమ్మేశా, దాని వైద్యానికి. ఇందులో చిల్లిగవ్వ తియ్యకూడదనుకున్నా" అన్నాడు. "ఎయిర్‌పోర్టులో చెప్పుంటే నేనే ట్యాక్సీ పిలిచేవాణ్ణి కదే."

బస్సు దిగి పరిగెత్తాం. నేను ముందు, సామాను ఈడుస్తూ ఆయన వెనక. శవాన్ని ఉంచిన హాలు దగ్గరికి చేరేసరికి కార్ల వరుస వెళ్లిపోయింది. లోపల పనివాళ్లు కుర్చీలు మడుస్తున్నారు. దహనశాల నది అవతల. మా ఆయనకి ఫోను చేస్తే ఎత్తలేదు. ట్యాక్సీ పిలవనా అని మామయ్యని అడిగాను. "మూత వేసేశాక ఇంకెవర్ని చూడను?" అని మెట్ల మీద కూర్చున్నాడు.

"ఏ చీర కట్టారు?" అన్నాడు.

"పసుపుది."

"మొహం ఎలా ఉందే? ప్రశాంతంగా ఉందా?"

ఉందని అనేస్తే సరిపోయేది. ఆ మాట ఆయన బతికున్నన్నాళ్లు పనికొచ్చేది. కానీ ఆ పూట ఇంకో అబద్ధం ఆడే శక్తి నాకు లేదు.

"చీర నేనే తీసిచ్చాను మామయ్యా. కట్టాక నేనూ చూడలేదు. మీ కోసం వచ్చేశాను."