కొనడమా, అమ్మడమా

చైనీస్ శాఖలో ఎవరికేం కావాలో తెలుసుకు రమ్మని యూనివర్సిటీ పంపిన మనిషి మరీ మెత్తగా మాట్లాడాడు. అక్కడే నా గుండెల్లో రాయి పడింది. కేకలేసే అధికారులను చాలామందిని చూశాను, వాళ్లంటే నాకు లెక్కలేదు. ఈయన నవ్వుతూ వెళ్లి చివరి బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నాడు.

శాఖంటే ఇద్దరమే, అక్కా నేనూ. సొంత అక్క కాదు, నాకీ భాష నేర్పి తన పక్కనే ఉద్యోగమిప్పించిన మనిషి. ఆమెను ఇంకో ఏడాది ఉంచాలో పంపాలో ఈయన మాట మీదే తేలుతుంది.

"మనకేం కావాలని కూడా అడుగుతాడట. ఏమీ వద్దని చెప్పు," అంది అక్క పొద్దున్నే.

"రికార్డింగులు వినిపించే స్పీకర్లు పాడైపోయాయి కదక్కా, అవైనా అడుగుదాం."

"అవెందుకు, నేను లేనూ? నోర్మూసుకుని కూర్చో."

చైనీస్‌లో గొంతు తీరు మారితే మాటే మారిపోతుంది. 'మాయ్' అంటూ గొంతు దిగి లేస్తే కొనడం, పైనుంచి ధబాల్న పడితే అమ్మడం. అందుకే అక్క పిల్లలతో గడ్డాలు కూడా ఆడించేది. గొంతు ఎటు పోతే గడ్డం అటు. కిటికీలోంచి చూసినవాళ్లు ఇవేం గంగిరెద్దులురా బాబూ అని నవ్వుకునేవారు.

ఆయన తన ముందు బెంచీలోని అమ్మాయిని అడిగాడు. "నీకేం కావాలమ్మా?"

పుస్తకాలు కొనుక్కోవాలని ఆ పిల్ల చైనీస్‌లో చెప్పబోయింది. గడ్డం ముచ్చటగా దిగి లేచింది. గొంతు మాత్రం ధబాల్న పడింది. పుస్తకాలు అమ్ముకుంటానంది పాపం.

"భేష్!" అంది అక్క.

పక్కవాడూ అంతే, వాడి వెనక పిల్లా అంతే. క్లాసు క్లాసంతా పుస్తకాలు అమ్మేసుకుంటోంది, అక్క అందరికీ భేష్ అంటోంది. ఆమె గొంతులు వినడం లేదు, గడ్డాలు చూస్తోంది. నాతో ఒక్క మాట చెప్పుకోకూడదా? ఎంత కోపమొచ్చిందో అంత ఏడుపూ వచ్చింది.

ఆయనకూ చైనీస్ వచ్చు కాబోలు, నవ్వడం మానేశాడు. అక్క బోర్డు తుడవడానికి అటు తిరగగానే, చప్పుడు చేయకుండా వెళ్లి ఆమె వెనక నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, మీకేం కావాలి?"

అక్క తుడుస్తూనే ఉంది.

"మేడమ్ గారూ!" ఈసారి గట్టిగానే అన్నాడు.

పిల్లలవైపు చూశాను. ఒక్క మొహంలోనూ ఆశ్చర్యం లేదు, భయం తప్ప. వీళ్లందరికీ తెలుసు, తెలియంది నాకే. "అక్కా" అని అరవబోయాను. ఆయన నావైపు చూసి వద్దన్నట్టు వేలు చూపించాడు. ఆగిపోయాను.

అక్క బోర్డంతా తుడిచి, చేతులు దులుపుకుని ఇటు తిరిగింది. అంత దగ్గరగా ఆయన్ని చూసి ఉలిక్కిపడి, వెంటనే సర్దుకుంది.

"పిల్లలు మాట్లాడింది విన్నారుగా సార్," అంది గర్వంగా. "ఇంకేం కావాలి నాకు?"