తరఫున వచ్చినవారు

"ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఈ నాలుగు కాగితాలకీ సీళ్ళు వేయించుకొచ్చెయ్" అన్నారు మావారు, షూ లేసులు కట్టుకుంటూ. ఆ నాలుగు కాగితాల కోసం నెలరోజులుగా నా చెప్పులు అరిగిపోతున్నాయి. ఆయనకి విదేశంలో ఉద్యోగం ఖాయమైంది. ఆయన చదువు నిజమేనని మన ప్రభుత్వం చేత చెప్పించుకు రమ్మన్నారు అక్కడివాళ్ళు. ముందు నోటరీ, తర్వాత యూనివర్సిటీ, ఆపైన విద్యాశాఖ, చివరికి విదేశాంగ శాఖ కౌంటరు. ఒకరి సీలు లేనిదే ఇంకొకరు ముట్టుకోరు. ప్రతిచోటా ఫారం అడుగున ఒకటే గడి: 'దరఖాస్తుదారు తరఫున వచ్చినవారు'. అందులో నా పేరు రాసీ రాసీ విసుగెత్తిపోయింది. "ఫైలు జాగ్రత్తమ్మా, వాడి జీవితమంతా అందులోనే ఉంది" అని అత్తగారు గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పేవారు. పొద్దున్నే లేచి, ఆ జీవితానికి బాక్సు కట్టి, ఆవిడ మాత్రలు తీసిపెట్టి, బట్టలారేసి పరిగెత్తే మనిషికీ ఒక జీవితం ఉంటుందని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తోచలేదు.

విదేశాంగ శాఖ క్యూలో నా వెనక నిలబడ్డ అమ్మాయి నర్సట. తన కాగితాలు తనే తెచ్చుకుంది. కబుర్లలో పడి, "మీరేం చదివారక్కా?" అని అడిగింది.

"నేనూ నర్సింగే. ఐదేళ్ళు ఆపరేషన్ థియేటర్లో చేశాను."

"మరి మీ కాగితాలేవీ?" అంది, గొడుగు ఇంట్లో మర్చిపోయొచ్చారా అన్నంత మామూలుగా.

ఇంటికి రాగానే బీరువాలో చీరల అడుగు నుంచి నా సర్టిఫికెట్లు తీశాను. మర్నాడు నోటరీ దగ్గరికి పట్టుకెళ్తే, ఆయన గోటితో టకటకా కొట్టి చూసి, "అయ్యో, లామినేషన్ చేయించేశారేంటమ్మా! ప్లాస్టిక్ మీద సీలెలా పడుతుంది? మీ కాలేజీ నుంచి డూప్లికేట్లు తెచ్చుకోండి" అన్నాడు.

చేయించింది నేను కాదు. పెళ్ళయిన ఏడాదికి నా ఉద్యోగం మాన్పించిన నెలలోనే, "పాడైపోతాయని నీ సర్టిఫికెట్లకి లామినేషన్ చేయించా" అంటూ మావారు తెచ్చిచ్చారు. ఎంత ప్రేమో అని పిచ్చిదాన్లా మురిసిపోయాను. "మరి మీవాటికి?" అంటే, "వద్దులే, నావాటితో పనుంటుంది" అన్నారు. తొమ్మిదేళ్ళ కిందటి ఆ మాట నోటరీ బల్ల ముందు నిలబడ్డప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద ఎంత మండిందో, మురిసిపోయిన నా మొహం మీద అంతకి రెట్టింపు మండింది.

కాలేజీకి ఫోన్ చేస్తే గురువారం స్వయంగా రమ్మన్నారు. మావారి కాగితాలు చేతికొచ్చేదీ ఆ గురువారమే.

"ఇప్పుడు నీకెందుకా గోల? ఎలాగూ నా భార్యగా నాతో వస్తావు కదా. కాలేజీకి ఇంకోసారి వెళ్ళొచ్చులే" అన్నారాయన.

"ఈ గురువారం దాటితే పరీక్షలయ్యేదాకా రికార్డుల గది తెరవరట. మూడు నెలలు."

"మూడు నెలల్లో ఏం మునిగిపోతుంది?"

"తొమ్మిదేళ్ళు మునిగింది చాలదా?"

అత్తగారు చేతిలో గ్లాసు కింద పెట్టారు. "మొగుడితో మాట్లాడే తీరేనా అది?"

"ఆఫీసులో నాకు ఊపిరాడని పని" అని గొణిగారు మావారు.

"సెలవు పెట్టుకోండి." విదేశాంగ శాఖ వాళ్ళిచ్చిన రసీదు ఆయన బాక్సు పక్కన పెట్టాను. "మూడో కౌంటరు, పదకొండింటికి. పెన్ను పట్టుకెళ్ళండి, అక్కడివ్వరు."

గురువారం కాలేజీలో ఫారం తీసుకుని నా పేరు, నా చదువు, నేను పాసైన ఏడాది రాశాను. అడుగున మళ్ళీ అదే గడి. ఖాళీగా వదిలేసి ఇచ్చాను. సంచిలో ఫోన్ మోగుతోంది, మావారే. టైం చూస్తే పదకొండున్నర. తియ్యలేదు.

గుమాస్తా ఫారం వెనక్కి తోశాడు. "ఇక్కడ వదిలేశారేంటమ్మా? మీ తరఫున ఎవరొచ్చారు?"

"నేనే వచ్చానండీ" అన్నాను.