నన్నొక్కసారి ఉతకండి

నేను ఒక నేత తువ్వాలుని అని గొప్పగా చెప్పుకునే రోజులు పోయాయి. చాలాకాలంగా నేను ఇల్లు తుడిచే గుడ్డని. అందులోనూ కుక్క ఉన్న ఇల్లు తుడిచిన గుడ్డని. ఈ రెంటికీ తేడా ఏమిటని అడిగారంటే మీ ఇంట్లో కుక్క లేదన్నమాట. లేదా కుక్క ఉన్నా ఇల్లు తుడిచేది మీరు కాదన్నమాట.

పుట్టడం మాత్రం గొప్పగానే పుట్టాను. గోదావరి కాలవ పక్కన ఒక చిన్న ఊళ్ళో, మగ్గం మీద. తెల్లటి ఒళ్ళు, రెండు వైపులా ఎర్ర అంచు. నన్ను నేసినాయన అంచు దగ్గర తెగిన దారం ఓపిగ్గా ముడేసి, ఒకసారి అరచేత్తో నిమిరి పక్కన పెట్టాడు. అంత శ్రద్ధగా నన్ను ముట్టుకున్న చెయ్యి నాకు మళ్ళీ దొరకలేదు. అక్కణ్ణించి బట్టల కొట్టుకీ, కొట్టునుంచి ఒక పెళ్ళికీ వెళ్ళాను. పెట్టుబడి బట్టల సంగతి మీకు తెలుసుగా. పెళ్ళికొడుకు మేనమామకి నన్ను పెట్టారు. ఆయన మడత విప్పకుండానే వియ్యంకుడికి పెట్టాడు. ఆ వియ్యంకుడు ఇంకెవరికో పెట్టాడు. ఇచ్చిన ప్రతివాళ్ళూ ‘మంచి నేతండీ, వాడుకోండి’ అన్నవాళ్ళే, వాడుకున్నవాడు ఒక్కడూ లేడు. బీరువాల్లో కలరా ఉండల వాసన పీలుస్తూ నాలుగైదు ఇళ్ళు తిరిగాను.

చివరికి కాకినాడలో పేర్రాజుగారు మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశం చేసుకున్నప్పుడు, ఇత్తడి పళ్ళెంలో తాంబూలంతో పాటు ఆ ఇంట అడుగుపెట్టాను. పేర్రాజుగారు మంచి మనిషి. నా మడత విప్పిన మొదటి మనిషి ఆయనే. ఏళ్ళ తరబడి ఆయన తల తుడిచాను. ఆయన జుట్టూ నా పోగులూ ఇంచుమించు ఒకేసారి ఊడిపోయాయి. అప్పుడు ఆయన భార్య సత్యవేణి నన్ను పైకెత్తి, వెలుతురులో చిల్లులు చూసి, బకెట్లో వేసింది.

సత్యవేణి శుభ్రం గురించి ఆ అపార్ట్‌మెంటులో కథలు కథలుగా చెప్పుకుంటారు. కాళ్ళు కడుక్కోకుండా గడప దాటితే కట్టుకున్న మొగుణ్ణయినా బయటే నిలబెట్టేస్తుంది. ఆవిడ దగ్గర గుడ్డల్లో కూడా హోదాలున్నాయి. దేవుడి గది గుడ్డ వేరు, అది ఆరేసే తాడు కూడా వేరే. వంటింటి గుడ్డ వేరు. హాలూ, పడగ్గదులూ, బాల్కనీ నావి. పొద్దునా సాయంత్రం తుడవాల్సిందే. ఒక బకెట్టు నీళ్ళు, రెండు మూతల ఫినాయిలు. ఆ నీళ్ళతోనే మొదలు, ఆ నీళ్ళతోనే ఆఖరు. పని అయ్యాక నన్ను పిండి బాల్కనీ కమ్మీ మీద పడేస్తుంది. ‘ఫినాయిల్లో ముంచినదాన్ని మళ్ళీ ఉతకడమెందుకు’ అన్నది ఆవిడ సిద్ధాంతం. నేను ఎండకి అప్పడంలా బిగుసుకుపోయి, సాయంత్రం మళ్ళీ అదే మురికితో నీళ్ళలో నానేవాణ్ణి. ఇల్లు శుభ్రంగా ఉండాలి సరే, ఇంటిని శుభ్రం చేసేది శుభ్రంగా ఉండక్కర్లేదా అని అడగడానికి నాకు నోరు లేకపోయింది.

ఇలా ఉండగా కూతురు హారిక, డిగ్రీ చదివే పిల్ల, స్నేహితురాలి ఇంటినుంచి ఒక కుక్కపిల్లను సంచీలో పెట్టుకుని తెచ్చింది. బూరె రంగులో ఉందని దానికి బూరె అని పేరు పెట్టింది.

“అమ్మా, నీకు దాని పనేం ఉండదు. తిండీ, స్నానం, బయటికి తిప్పడం, అంతా నేనే చూసుకుంటా.”

“నువ్వు తిన్న కంచమే తియ్యవు, దాని ఉచ్చ తీస్తావా?” అంది సత్యవేణి.

“తీస్తానమ్మా, ఒట్టు.”

“పిల్ల సరదా పడతంది, ఉండనీవే,” అని పేర్రాజుగారు మళ్ళీ పేపరులో తల దూర్చారు.

బూరె మొదటిసారి బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్క మూలన పోసింది. హారిక దాని మొహం ఫోటో తీసి, “అమ్మా, బూరె పోసేసిందే!” అని కేక పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది. సత్యవేణి గొణుక్కుంటూ నన్ను తీసింది.

నా తల ప్రాణం తోకకొచ్చేది ఇక్కడే. ఆవిడ నన్ను ఆ మూల అద్దింది, బకెట్లో ముంచింది, పిండింది. ఎలాగూ గుడ్డ తడిసింది కదా అని అదే నీళ్ళతో హాలు తుడిచింది, పడగ్గది తుడిచింది, మంచాల కిందా తుడిచింది. ఆ మూల ఉన్న వాసన నాతో పాటు ఇల్లంతా తిరిగింది. ఫినాయిలు మనుషుల ముక్కుని మోసం చేస్తుందేమో గానీ కుక్క ముక్కుని చెయ్యలేదు. కుక్క లెక్క చాలా తేలిక. తను పోసిన వాసన ఎక్కడుంటే అది పోసుకునే చోటు. ఆ వాసనను సోఫా దగ్గరా, టీవీ కిందా, పేర్రాజుగారి చెప్పుల పక్కనా నాతో పూసిపెట్టింది సత్యవేణే. బూరె పాపం బుద్ధిగా, చూపించిన చోటల్లా పోసింది. పోసినకొద్దీ ఆవిడ తుడిచింది, తుడిచినకొద్దీ అది పోసింది. నన్ను ఒక్కసారి సబ్బుపెట్టి ఉతికి, మంచినీళ్ళలో జాడిస్తే తీరిపోయే గొడవ. ఉతకండి మహాప్రభో అని నెత్తీ నోరూ కొట్టుకుందామంటే నాకు రెండూ లేవు.

ఇంట్లో రోజూ గొడవే. అసలు ఆ కుక్క ఎవరిదో తేలేది కాదు. బిస్కెట్టు పెట్టేటప్పుడు హారికది. లిఫ్టులో ఎవరైనా ‘భలే ఉందండీ’ అన్నప్పుడు పేర్రాజుగారిది. పోసినప్పుడు మాత్రం సత్యవేణిది. ‘తెచ్చినవాళ్ళే తుడవాలి’ అని తల్లి, ‘ఇంట్లో అందరూ ముద్దు చేస్తారుగా, అందరూ తుడవాలి’ అని కూతురు, ‘దానికి నేర్పాలి’ అని తండ్రి. ఎవరు నేర్పాలో ఆయన చెప్పేవారు కాదు. ఈ వాదనలన్నీ నన్ను చేత్తో పట్టుకునే జరిగేవి, నా నీళ్ళు నేల మీద కారుతూ ఉండేవి.

ఒకరోజు సత్యవేణికి ఓపిక అయిపోయింది.

“వరలక్ష్మీ వ్రతం వస్తంది. పేరంటాళ్ళొస్తారు. ఈలోగా ఇంట్లో ఒక్క చుక్క పడిందంటే దీన్ని సామర్లకోటలో తమ్ముడింటికి పంపేస్తాను. ఎవరేడ్చినా వినను.”

ఆ మాటతో హారిక నిజంగానే మారింది. చీకటితో లేచి బూరెను కిందికి తిప్పింది, కాలేజీకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. ఇంట్లో పోయడం దాదాపు ఆగిపోయింది. పోయడానికి దాని దగ్గర మిగిలితేగా! వ్రతం రోజున తల్లి వంటింట్లో పరమాన్నం కలుపుతుంటే వెళ్ళి, “అమ్మా, ఇవాళ ఇల్లు నేను తుడుస్తానే,” అంది. సత్యవేణి గరిటె ఆపి కూతురి వైపు చూసింది. “నా తల్లే,” అంది. కుక్క ఇక ఆ ఇంట్లో ఉండిపోయినట్టే అని నాకూ అనిపించింది.

హారిక జీవితంలో మొదటిసారి నన్ను చేత్తో పట్టుకుంది. ఎంతో శ్రద్ధగా తుడిచింది. వాషింగ్ మెషిన్ మూలన మొదలుపెట్టి, అదే నీళ్ళతో హాలంతా వచ్చింది. దేవుడి గది గడప ముందు కుంకుమ ఒలికి ఉండటం చూసింది. ఆ గదికి వేరే గుడ్డ ఉందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. గుడ్డ మాట ఎవరికి వినపడుతుంది? గడప పొడుగునా నన్ను అటూ ఇటూ బాగా రుద్ది, మెరిసేలా తుడిచింది.

సాయంత్రం పేరంటాళ్ళు వచ్చారు. సత్యవేణి ఒకావిడ కాళ్ళకి పసుపు రాస్తోంది. బూరె హారిక గదిలోంచి తోక ఊపుకుంటూ వచ్చింది, గడప వాసన చూసింది, ఒకసారి చుట్టూ తిరిగింది, కాలెత్తింది. ఒకావిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పక్కకి జరిగింది.

“అమ్మా, మధ్యాహ్నం కూడా తిప్పానే,” అంది హారిక ఏడుపు గొంతుతో. “ఇల్లు కూడా నేనే తుడిచానే.”

మర్నాడు ఆటో వచ్చింది. దేవుడి గడప మీద పోసింది తుడిచిన గుడ్డ ఇక ఇంట్లో ఉండకూడదని నన్ను ఆటోలో కింద పరిచి, నా మీద బూరెను కూర్చోబెట్టారు. అది దారి పొడుగునా వెనక్కి చూస్తూనే ఉంది.

సత్యవేణి తమ్ముడు వీరభద్రం సామర్లకోటలో మేడమీద ఒంటిగదిలో ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆ గది చీపురు మొహం చూసి చాలాకాలమైనట్టుంది, తడిగుడ్డ సంగతి సరేసరి. నన్ను ఒక మూలన పడేశాడు, బూరె వచ్చి నా మీద పడుకుంది. ఆయన పొద్దునా సాయంత్రం టీ కోసం కిందికి దిగేవాడు, బూరెను కూడా తీసుకెళ్ళేవాడు. బాధ్యత అనే మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. ఆయనకి టీ కావాలి, దానికి స్తంభం కావాలి, ఇద్దరూ కలిసి వెళ్ళి వచ్చేవారు. పడుకునే చోట ఏ కుక్కా పోయదు కాబట్టి నా మీద పోయలేదు. వాసన నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు కాబట్టి గదిలో ఎక్కడా పోయలేదు. ఆ రోజులు నాకు సుఖంగా గడిచాయి. దాని ఒళ్ళు వెచ్చగా ఉండేది. మెట్ల మీద ఆడపిల్ల గొంతు వినపడితే చాలు, చెవులు ఎత్తి తలుపు వైపు చూసేది. హారిక కాదని తెలిశాక మళ్ళీ నా మీద తల పెట్టుకునేది. నాకు చాలా బాధగా ఉండేది.

దసరా సెలవుల్లో ముగ్గురూ వచ్చారు. బూరె హారిక మీదికి ఎగిరి, ఆ పిల్లని కింద పడేసింది. సత్యవేణి గుమ్మంలోనే ఆగి నేల వైపు చూసింది.

“ఒరే తమ్ముడూ, ఎక్కడెక్కడ పోస్తందిరా?”

“పొయ్యదక్కా. వచ్చాక ఒక్కసారి కూడా పొయ్యలేదు.”

“అబద్ధాలాడకు. ఈ గదిలో మనిషన్నవాడు ఉంటాడా అసలు?”

“గది గురించి నన్ను తిట్టక్కా, పడతాను. కుక్కనేమీ అనకు.”

సత్యవేణి మొహం మాడిపోయింది. “మా ఇంట్లోనే దానికేం రోగం మరి? రోజుకి రెండుసార్లు తుడిచేదాన్ని!”

హారిక బూరెను ఒళ్ళో పెట్టుకుని నా మీదే కూర్చుంది. కాసేపటికి ముక్కు చిట్లించింది. లేచి నన్ను పైకి తీసింది.

“అమ్మా, ఇది మనిల్లు తుడిచిన గుడ్డ కదూ. వాసన చూడు.”

“ఛీ, పారెయ్.”

“చూడమ్మా. ఆ వేళ దేవుడి గది ముందు దీంతోనే తుడిచాను.”

సత్యవేణి నన్ను ముక్కు దగ్గర పెట్టుకుంది. అన్నేళ్ళలో అదే మొదటిసారి. వెంటనే మొహం తిప్పుకుంది. ఆవిడకి అర్థమైంది. అర్థమైనందుకే ఒంటికాలి మీద లేచింది. “అంటే ఏంటే? నా ఇల్లు కంపు కొట్టిందంటావా?” బూరె ఆవిడ పాదాల దగ్గరికి వెళ్ళి తోక ఊపింది. ఆవిడ దాని వైపు చూసి, గొంతు తగ్గించి, “దానికి బెల్టు కట్టు. తీసుకెళ్దాం,” అంది. హారిక తల్లి మెడ పట్టుకుని ఏడ్చేసింది. ఇక టీకి ఒక్కణ్ణే వెళ్ళాలన్నమాట అని వీరభద్రం గొణుక్కుని బూరె చెవులు నిమిరాడు.

నాకు కూడా ఆశ పుట్టింది. నిజం తెలిసిపోయింది కదా, ఇక సబ్బు నీళ్ళలో నానబెడతారు, బండ మీద ఉతుకుతారు, ఎండలో దులిపి ఆరేస్తారు అనుకున్నాను.

“పాపం, కుక్కని అనవసరంగా అన్నాం,” అన్నారు పేర్రాజుగారు. “అంతా ఈ దరిద్రపు గుడ్డ వల్లే వచ్చింది.”

“అవునండీ,” అంది సత్యవేణి ఊపిరి పీల్చుకుని. రెండు వేళ్ళతో నన్ను పట్టుకుని తలుపు పక్కన చెత్తబుట్టలో పడేసింది. నేరం బూరె మీదనుంచి దిగి నా మీద కూర్చుంది. నన్ను ఉతకాల్సింది ఎవరో ఆ గదిలో ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు అరటితొక్కల మధ్య ఉన్నాను, మునిసిపాలిటీ బండి కోసం. దాని గురించి నాకు విచారం లేదు. బయల్దేరేముందు సత్యవేణి తమ్ముణ్ణి, ఇల్లు తుడవడానికి పాత బట్ట ఏదన్నా ఉంటే ఇమ్మంది. ఆయన ఒక తెల్ల తువ్వాలూ ఒక నల్ల లుంగీ తెచ్చి చూపించాడు.

“ఆ నల్లది ఇయ్యరా,” అంది. “దాని మీదయితే మురికి కనపడదు.”