తోడికోడలి జబ్బు

వేడినీళ్లలో ముంచిన పావురం ఈకలు పీకుతూ ఇన్షిరాహ్ తోడికోడలి మీద కుళ్లుకుంటోంది. బాలింతకో కొత్త పెళ్లికూతురికో తప్ప ఆ ఇంట్లో పావురంలో పచ్చిగోధుమలు కూరి వండరు. ఇప్పుడు ఆ తోడికోడలు రావియా కోసం రోజూ వండుతున్నారు. అంటే, ఇన్షిరాహ్ వండుతోంది.

రావియాకి పిత్తాశయంలో రాళ్లేమోనని స్కానింగు తీయిస్తే కిడ్నీలో కాన్సర్ గడ్డ బయటపడింది. నొప్పి లేదు, జ్వరం లేదు, ఒళ్లు కూడా తగ్గలేదు. అయినా మరిది కారు మాట్లాడి పట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాడు. అలాంటి జబ్బుమనిషి మీద అసూయేమిటని ఇన్షిరాహ్ తనను తనే తిట్టుకుంది. తిట్టుకున్నా తగ్గలేదు.

తనకి మూత్రం ఎర్రగా పడిందన్న రోజు భర్త మెత్వల్లి టీ గ్లాసు కూడా దించలేదు. "కాలవ జబ్బులే. ఈ ఊళ్లో కాలవలో దిగి ఆ పురుగుని ఒంట్లోకి తెచ్చుకోనిదెవరు?" అన్నాడు. అత్తగారు నవ్వింది. "మా రోజుల్లో ఎర్రగా పడని మగపిల్లాడుంటే ఇంకా ఎదగలేదనేవాళ్లం. నువ్వేమో రాణిగారివి!" ఇన్షిరాహ్ కాలవ జబ్బు మాత్రలు మింగింది. కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలైంది. ఈసారి ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం గిన్నెతో పట్నం ఆసుపత్రికి వెళ్లేసరికి మరిది రావియా పాదాలు ఒత్తుతున్నాడు. పక్క కుర్చీలో అత్తగారు తస్బీహ్ పూసలు తిప్పుతూ జపం చేసుకుంటోంది.

"నీకేమమ్మా, కాళ్లుపట్టే మొగుడున్నాడు," అంది ఇన్షిరాహ్.

"కాళ్లు నువ్వు తీసుకో అక్కా, నీ కిడ్నీ నాకిచ్చెయ్," అంటూ రావియా కుట్లు పట్టుకుని నవ్వింది. "ఇందులో రకాలున్నాయట. నాది కిడ్నీ కండలో పుట్టి చప్పుడు లేకుండా పెరిగిందట. ఇంకోటి మూత్రం దిగే గొట్టం మొదట్లో పుడుతుందట. దానికి నొప్పేమీ ఉండదు, ఎర్రగా పడటమే మొదటి గుర్తట. నాకలా పడిందా అని డాక్టరమ్మ ఎన్నిసార్లు అడిగిందో!"

గిన్నె మూత ఇన్షిరాహ్ చేతిలోనే ఉండిపోయింది. భయం కంటే ముందు అసూయే లేచింది. నోరు మెదపని జబ్బుని వినడానికి ఇంతమంది! తనది నెలల తరబడి అరుస్తున్నా ఒక్కరూ తల తిప్పలేదు.

డాక్టరమ్మ గదిలోకి వచ్చింది. "పద, కంచాలు కడుక్కురా," అంది అత్తగారు.

ఇన్షిరాహ్ కదల్లేదు. "డాక్టరమ్మా, నాకు ఎర్రగా పడుతోంది. నొప్పి లేదు."

"కాలవ జబ్బేనమ్మా, మా ఇంట్లో అందరికీ..."

డాక్టరమ్మ అత్తగారి వైపు చూడనేలేదు. "ఎప్పటినుంచి?"

రావియా, మరిది, అత్తగారు, అందరూ ఆమెకేసే చూస్తున్నారు.

"దీనికంటే ముందునుంచే," అంది ఇన్షిరాహ్, మంచం మీది తోడికోడల్ని చూపిస్తూ.